పద్మినికి ఇస్త్రీ మడత

పాత ప్రీమియర్ పద్మిని కారును ఒకసారి పక్కనుంచి చూడండి. ముందు ఫెండరు దగ్గర మొదలై, రెండు డోర్ల మీదుగా వెనక రెక్క దాకా ఒక గీత పోతుంది. మా షెడ్డులో దాన్ని ఇస్త్రీ మడత అంటాం. ఆ మడత నిలబడితే మామూలు రంగు కొట్టినా బండి పెళ్లికొడుకులా ఉంటుంది. అది చెదిరిందంటే ఎంత ఖరీదైన రంగు వేసినా యాక్సిడెంటు బండే.

నేను కర్నూల్లో, బళ్లారి చౌరస్తా అవతల, 30 ఏళ్లుగా టింకరింగ్, అంటే బండ్ల రేకు పని, చేస్తున్నా. మొన్న పూర్తయిన బండి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు సారుది. 2009 అక్టోబరు వరదలో మా కర్నూలు పాతబస్తీలో నీళ్లలో మునిగిన పద్మిని అది. తర్వాత ఎవరో పైపైన సొట్టలు పూడ్చి రంగు కొట్టి ఇచ్చారు. ఇన్నాళ్లకు సారు దాన్ని మళ్లీ నిలబెట్టాలనుకున్నారు. మీ దగ్గరా ఇలాంటి బండి ఉంటే, ఆ గీత ఎలా తెచ్చామో చెబుతా.

మొదట సుత్తి కాదు, బకెట్టు నీళ్లు తీసుకోండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కంతా తడిపి, వెనక బంపరు దగ్గర గొంతు కూర్చుని, ఒక కన్ను మూసి గీత వెంబడి చూడండి. తడి రేకు అద్దంలా ఉంటుంది కాబట్టి ఎక్కడ పొంగిందో ఎక్కడ లొత్త పడిందో దాచలేదు. కనిపించినవన్నీ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తర్వాత చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి పక్క పొడవునా నడిపించండి. అది పట్టు వదిలేసిన చోట కింద రేకు లేదు, సొట్టలు పూడ్చే పుట్టీ ఉంది. సారు బండికి వెనక డోరు మీద జానెడు మేర అయస్కాంతం అంటనే లేదు. గీకితే దాదాపు సెంటీమీటరు మందం పుట్టీ, దాని కింద తుప్పు.

ఇంకో సంగతి. పద్మినికి విడిగా ఛాసిస్, అంటే కింద మోసే చట్రం, ఉండదు, బాడీయే బలం. డోర్ల కింద ఉండే బాక్స్ రేకు తుప్పుపడితే బండి నడుములో కుంగుతుంది, డోరు సందు ఒకవైపు విచ్చుకుని ఇంకోవైపు మూసుకుపోతుంది. గీత తప్పింది డోరు వల్ల అనుకుంటాం గానీ అసలు రోగం కింద ఉంటుంది. ముందు దాన్ని 20 గేజి మందం రేకుతో కట్టి వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ చేసేటప్పుడు డోర్లు వాటి జాగాలోనే ఉండాలి, లేకపోతే కుంగిన బాడీని కుంగినట్టే అతికించేస్తారు.

ఆ తర్వాత డోర్లు సర్దుకోవాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పని కొత్తలో, ఒక పాత ఫియట్‌కు డోర్లు విప్పి, బల్ల మీద పడుకోబెట్టి, సుఖంగా నిలబడి గీత తీశాను. ఒక్కో డోరూ చూడముచ్చటగా వచ్చింది. రంగు కూడా అయ్యాక బిగిస్తే ముందు డోరు గీతకూ వెనక డోరు గీతకూ మూడు మిల్లీమీటర్లు తేడా. పైగా కొత్త రబ్బరు బీడింగు వేసేసరికి డోరు బయటికి తన్నుకొచ్చింది. మా ఉస్తాద్ తిట్టలేదు. బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, "బేటా, నాలుగు డోర్లు చేసినావు, బండి ఎప్పుడు చేస్తావు?" అన్నాడు. మళ్లీ అంతా గీకడానికి పన్నెండు రోజులు పట్టింది, కూలి సున్నా.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కొత్త బీడింగు వేసి, తాళం సెట్టు బిగించి, డోర్లు మూసి, గీతలు ఒకదానికొకటి కలిసేలా కీళ్ల దగ్గర సర్దుతా. సందులన్నీ నాలుగైదు మిల్లీమీటర్లలో సమానంగా ఉండాలి. అది కుదిరాకే రేకు మీద చెయ్యి వేస్తా. పక్క మొత్తం ఒకే రేకు అనుకుని పని చెయ్యాలి, డోర్లు మూసే ఉండాలి.

రేకు పని ఎక్కువమంది తొందరగా ముగిస్తారు. నేను అసలు టైమంతా అక్కడే పెడతా. గీత మీద సొట్ట పడినప్పుడు, డోరు లోపలి అట్ట తీసేసి వెనకనుంచి చూస్తే ఆ మడత లోపలివైపు కాలవలా కనిపిస్తుంది. దాంట్లో మొద్దు ఉలి పెట్టాలి. పదునుది పెడితే రేకు చీలుతుంది. నా ఉలి అంచు అర్ధరూపాయి బిళ్ల అంచంత గుండ్రంగా ఉంటుంది. బయటివైపు గట్టి చెక్క ఆనించి అల్లుడు పట్టుకుంటాడు. లోపలినుంచి నేను వేలెడు వేలెడు జరుపుతూ చిన్న దెబ్బలు వేస్తా. ఒక్క పెద్ద దెబ్బ కొడితే మడత లేస్తుంది, దాంతోపాటు పక్క రేకు కూడా సాగుతుంది. సాగిన రేకు నొక్కితే డబడబమంటుంది. అప్పుడు దాన్ని గ్యాసుతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా తట్టి, తడిగుడ్డ వేసి ముడుచుకునేలా చేయాలి.

మరి గీత ఎంత ఎత్తులో, ఎంత వంపులో ఉండాలని ఎలా తెలుస్తుంది? బండికి రెండో పక్క ఉంది కదా. దెబ్బ తినని వైపు పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఆనించి, ఆ మడత ఆకారానికి సరిపోయేలా కత్తిరించుకోండి. తిరగేస్తే ఇటువైపుకు అచ్చు. సారు బండికి అలాంటివి ఏడు చేసుకున్నాం, సారు మోకాలి ఎక్స్‌రేతోనే. గీత పొడవుకు దారం వాడండి, కానీ దారంలా చేయకండి. పాత బండ్ల గీతల్లో కంటికి తెలియని వంపు ఉంటుంది. మంచి వైపు దారం లాగి పట్టి, అడుగుకోసారి దారానికీ గీతకూ ఎంత దూరమో రాసుకుని, అదే లెక్క ఇటువైపు దించాలి. గీతను మరీ స్కేలు పెట్టినట్టు తిన్నగా చేస్తే మధ్యలో కుంగినట్టు కనబడుతుంది.

ఇప్పుడు పుట్టీ. రేకు పని సరిగ్గా చేసుంటే రెండు మూడు మిల్లీమీటర్లకు మించి అవసరం రాదు. వంద గ్రాముల పుట్టీకి, అది గట్టిపడడానికి, రెండు గ్రాముల హార్డెనరు కలపాలి. ఎక్కువైతే తర్వాత రంగులో మచ్చ తేలుతుంది. మా ఊళ్లో మే నెలలో 42 డిగ్రీలు మామూలే, మధ్యాహ్నం కలిపితే లాగేలోపే గడ్డకడుతుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపే ఆ పని.

పుట్టీ పనిలో గీతను ఎప్పుడూ రుద్దకూడదు. రుద్దాల్సింది దానికి పైనున్న ముఖాన్ని, కిందున్న ముఖాన్ని. ఆ రెండూ చదునుగా వస్తే మధ్యలో గీత దానంతట అదే పుడుతుంది, ప్యాంటు మడతలాగా. టేపు అంచు సరిగ్గా గీత మీద పడేలా, టేపు కింది ముఖం మీద ఉండేలా అంటించండి. మామూలు కాగితం టేపు సాగి వంకర పోతుంది, సన్న ప్లాస్టిక్ టేపు మంచిది. పై ముఖానికి పుట్టీ లాగండి, టేపు మీదికి కొంచెం పోయినా పర్వాలేదు. ఆరాక చెక్కకు 80 నంబరు ఎమరీ కాగితం చుట్టి రుద్దితే మెల్లగా టేపు బయటపడుతుంది. అక్కడ ఆగండి. టేపు పీకితే పై ముఖం అంచు కోసినట్టు నిలుస్తుంది. ఇప్పుడు కొత్త టేపును పై ముఖం మీద, ఆ కోసిన అంచుకే ఆనించి అంటించి, కింది ముఖానికి అదే పని చేయండి. రెండో టేపు పీకేటప్పుడు వచ్చే గీత చూస్తే పడిన కష్టమంతా మర్చిపోతాం.

చెక్క సంగతి చిన్నది కాదు. పదహారు అంగుళాల టేకు పట్టీ వాడతా, డోరు సందు దాటి రెండు డోర్ల మీదా ఒకేసారి నడవాలని. అది చదునుగా ఉందో లేదో చూడ్డానికి మా దగ్గర బేతంచెర్ల పాలిష్ బండ ఉంది. చెక్క అడుగున పెన్సిలు గీతలు గీసి, బండ మీద ఎమరీ పరిచి నాలుగు సార్లు లాగితే ఎక్కడ గీత మిగిలిందో అక్కడ గుంట ఉన్నట్టు. చేతివేళ్లతో మాత్రం ఎప్పుడూ రుద్దకండి, నాలుగు వేళ్లకు నాలుగు కాలవలు పడతాయి.

పుట్టీ మీద నీళ్లు పోయకండి, అది నీళ్లు తాగుతుంది. పొడిగానే 80, తర్వాత 120, 180. మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము మంచిది కాదు. తర్వాత నల్లరంగులో థిన్నరు ఎక్కువ కలిపి దూరం నుంచి పలచగా చిలకరించి, మళ్లీ రుద్దండి. నలుపు మిగిలింది పల్లం. నలుపు పోయి రేకు మెరిసిందంటే ఎత్తు. అల్లుడు మెరుపు చూడగానే, "మామా, చుట్టూ ఇంకో చెయ్యి పుట్టీ వేసేద్దామా?" అంటాడు. వద్దు. ఆ ఎత్తును మెల్లగా తట్టి దించాలి.

తర్వాత రంగు కింద వేసే ప్రైమరు మూడు కోట్లు, ఒక రాత్రి ఆగి మళ్లీ నలుపు చిలకరింపు. ఇప్పుడు నీళ్లు వాడొచ్చు, 400, ఆపైన 600. చివర్లో ఒక్కసారి, చెక్క లేకుండా, గీత మీద అరిగిపోయిన 400 కాగితంతో మెల్లగా రెండు మూడు సార్లు నిమరాలి. ఫ్యాక్టరీ రేకు మడత ఎప్పుడూ కత్తిలా ఉండదు. కత్తిలా వదిలేస్తే అంచు మీద రంగు నిలవక పలచబడుతుంది.

అందుకే రంగు అయ్యాక కూడా, మిషనుతో పాలిష్ పట్టేటప్పుడు గీత పొడవునా టేపు వేసుకోండి. అక్కడ గుడ్డతో, చేత్తోనే.

బండి తీసుకెళ్లే రోజు హెడ్మాస్టరు సారు ముందునుంచి వెనకదాకా బొటనవేలితో గీత తడుముకుంటూ పోయారు, వెనక డోరు దగ్గర ఆగారు. ఇక మెచ్చుకుంటారనుకున్నా. డోరు తెరిచి మూసి, "ఈ హ్యాండిలు కొంచెం లూజుగా ఉంది చూడప్పా" అన్నారు.