చవితి బొమ్మకు పగుళ్లు, దీపావళి ప్రమిదకు ఊట: చేత్తో చేసే పండగ అలంకరణల్లో సమస్యలు, పరిష్కారాలు

తిరుపతిలో మా ఇంట్లో ఆషాఢం వెళ్లగానే వరండాలో ఒక మూలకి మట్టి, చార్టులు, పాత పంచెలు, రంగు డబ్బాలు చేరతాయి. చవితి, దసరా కొలువు, దీపావళి, ధనుర్మాసం, సంక్రాంతి అయ్యేదాకా ఆ మూల ఖాళీ కాదు. బాగా వచ్చినవాటికంటే చెడగొట్టుకున్నవే ఎక్కువ. చాలా ఏళ్లు నా చేతిలోనే పనితనం లేదనుకున్నాను. తర్వాత ఏది ఎప్పుడు మొదలుపెట్టానో, ఎప్పుడు చెడిందో ఒక పాత డైరీలో రాసుకుంటూ వస్తే అసలు సంగతి తెలిసింది: సగానికి పైగా ఆరడానికి రోజులు చాలక చెడినవే. అందుకే ఇక్కడ మరమ్మతుతో పాటు, వీలైన చోటల్లా ఎన్ని రోజుల ముందు కూర్చోవాలో కూడా చెప్తున్నాను.

మట్టి వినాయకుడు పగులుతున్నాడు

పగులు ఎక్కడ వచ్చిందో ముందు చూడండి. చోటుని బట్టే కారణం దొరుకుతుంది.

బొజ్జ మీద, వీపు మీద సాలెగూడులా సన్నటి గీతలు వస్తే, పైపొర తొందరగా ఆరిపోయింది, లోపల ఇంకా తడి ఉంది అని. బంకమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పైన కుంచించుకుని లోపల అలాగే ఉంటే పైపొర చిట్లక ఏం చేస్తుంది? ఎండలో పెట్టడం, ఫ్యాను కింద పెట్టడం, రెండూ ఈ పనే చేస్తాయి.

తొండం, చెవులు, చేతులు అతికిన చోట పగిలితే తప్పు అతుకుది. నున్నటి మట్టికి నున్నటి మట్టిని నొక్కితే అప్పటికి అంటుకున్నట్టే ఉంటుంది, నాలుగో రోజుకి ఊడి చేతికొస్తుంది. రెండు వైపులా పుల్లతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, అదే మట్టిని నీళ్లలో జారుగా కలిపి పూసి అప్పుడు అతకాలి. చెవులు పలచగా ఉంటాయి కాబట్టి ఒళ్లు కంటే ముందే ఆరిపోతాయి. మొదటి రెండు రోజులు వాటి మీద తడిగుడ్డ పీలిక కప్పి ఉంచండి.

అడుగున, పీట దగ్గర పగిలితే మాత్రం బొమ్మ పీటకి అతుక్కుపోయిందని అర్థం. బొమ్మ చిన్నదవుతోంది, పీట చిన్నదవదు కదా, మధ్యలో అడుగు చీలుతుంది. పీట మీద న్యూస్‌పేపర్ పరిచి, పైన చిటికెడు సన్న ఇసుక చల్లి దాని మీద బొమ్మ పెడితే కుంచించుకునేటప్పుడు జరుగుతుంది. ఇది నాకు పలమనేరులో మట్టి బొమ్మలు చేసే ఒక పెద్దాయన చెప్పిన కిటుకు. పగిలిన బొమ్మ ఫోటో చూపిస్తే ఆయన నన్నడిగిన మొదటి మాట, "యాడ పెట్టినావమ్మా, ఎండకా?" అని. మిద్దె మీద పెట్టానన్నాను. "దానికి యాల అంత తొందర? నీడకి పెట్టి మర్చిపో" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు, తన పని తను చూసుకున్నాడు.

ఇక బొమ్మ నిలువునా లోతుగా చీలిందంటే మరీ లావుగా చేశారు. ఎనిమిది అంగుళాలు దాటిన బొమ్మకి, కాస్త గట్టిపడ్డాక అడుగు నుంచి చెంచాతో తవ్వి లోపల బోలు చేయండి. గోడ వేలెడు మందం ఉంటే చాలు. మట్టి మరీ జిగటగా ఉంటే నాలుగు పాళ్లకి ఒక పాలు జల్లించిన ఇసుక, నానబెట్టి పిసికిన కాగితం గుజ్జు ఒక గుప్పెడు కలిపితే కుంచించుకోవడం తగ్గుతుంది.

ఇప్పటికే పగిలిందా? వట్టి తడిమట్టి నింపకండి. అది కూడా ఆరి కుంచించుకుని, రేపటికి అదే చోట మళ్లీ గీత పడుతుంది. అదే మట్టి ఎండినది పొడి చేసి, కాగితం గుజ్జుతో గట్టి ముద్దగా కలపండి. పగులుని కుంచెతో తడిపి కొంచెం కూరండి, ఆరనివ్వండి, మళ్లీ కూరండి. ఒకేసారి నింపెయ్యాలనిపిస్తుంది, వద్దు.

రంగు వేసేముందు బొమ్మని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. ఆ తడి మీద రంగు వేస్తే మచ్చలు మచ్చలుగా ఆరి పెచ్చులు లేస్తుంది. ఎనిమిది అంగుళాల బొమ్మకి నీడలో పది రోజులు పెట్టుకోండి, ముసురు పడితే ఇంకో మూడు. ఆరాక తెల్లటి బూజులాంటి పొడి పైకి వస్తే అది బూజు కాకపోవచ్చు, నీళ్లలోని ఉప్పు. మా బోరు నీళ్లతో కలిపినప్పుడల్లా ఇదే. పొడిబ్రష్షుతో దులిపేస్తే పోతుంది. మరుసటేడు వాననీళ్లతోనో, తాగే నీళ్లతోనో కలుపుకోండి.

చవితికి అంటుకున్న కాగితం దీపావళికి అంటుకోవడం లేదు

అదే ఫెవికాల్, అదే చార్టు, అదే చెయ్యి. మారింది వాతావరణం. మన జిల్లాలకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా గాలి నిండా తేమే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారింది గుర్తుందిగా, అదే కాలం. తెల్లటి జిగురు దానిలోని నీరు పోతేనే పడుతుంది. తేమ గాలిలో నీరు పోవడానికి చోటేది? మనమేమో అంటుకోవడం లేదని ఇంకాస్త పోస్తాం. ఎక్కువ పోసేకొద్దీ ఇంకా ఆలస్యం.

జిగురుని ట్యూబు నుంచి నేరుగా పిండకుండా కుంచెతో పలచగా పూయండి. తెల్లగా కనిపిస్తున్నంతసేపు అది ఆరలేదు, గాజులా పారదర్శకం అయ్యాకే వేలాడదీయాలి. ఆకాశదీపం లాంటివి కనీసం వారం ముందు అతికించి, వంట అయ్యాక వంటింట్లో పైన తీగకి కడితే మా ఇంట్లో బాగా ఆరుతున్నాయి. పొయ్యి మీదుగా మాత్రం కట్టకండి.

కాగితం వంకర తిరిగితే కారణం ఒక వైపే తడవడం. అతికించిన వెంటనే రెండు చదునైన పలకల మధ్య పెట్టి మీద పుస్తకాలు పేర్చండి. ఇప్పటికే వంకర పోయినదానికి పైన తెల్లగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెని తక్కువ వేడిలో వెనకవైపు నుంచి ఒకసారి తిప్పండి. మెరుపు కాగితం మీద మాత్రం ఇస్త్రీ వద్దు, నేను ఒక నక్షత్రాన్ని అలాగే ముద్ద చేసుకున్నాను.

మైదా జిగురు వాడేవాళ్లకి రెండు బాధలు: బూజు, బొద్దింకలు. బైండింగ్ చేసేవాళ్లు దానిలో చిటికెడు మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు, దాంతో రెండూ తగ్గుతాయి. అది విషం. వంటగిన్నెలో కలపకూడదు, పిల్లలు ముట్టుకునే పనికి అసలు వాడకూడదు. పిల్లలతో చేసేటప్పుడు మైదా జిగురు ఏ రోజుది ఆ రోజే కాచుకుని, మిగిలింది పారేయడం మేలు.

ప్రమిద కింద నూనె మరక, పైన రంగు పెచ్చులు

ఈ రెండూ వేరు సమస్యల్లా కనిపిస్తాయి, మూలం ఒకటే. కాల్చిన మట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నూనె లోపలి నుంచి వాటి గుండా ఊరి బయటికొచ్చి, అక్కడ వేసిన రంగుని వెనక నుంచి తోసేస్తుంది.

కొన్న ప్రమిదల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. వేసినప్పుడు బుడగలు వస్తాయి, ఆ బుడగలు ఆగేదాకా తీయొద్దు. రంగు వేయనివైతే తీసి, తుడిచి, పైతడి ఆరాక నూనె పోసుకోవచ్చు, ఊట బాగా తగ్గుతుంది. రంగు వేసేవైతే నానబెట్టి దుమ్ము పోయేలా కడిగాక పూర్తిగా ఆరాలి, వానాకాలంలో మూడు రోజులైనా పడుతుంది. తర్వాత బయటివైపు మాత్రమే వేయండి. వత్తి ఆనే మూతి దగ్గర వేలెడు చోటు వదిలేయండి, అక్కడ వేసిన రంగు మాడి కంపు కొడుతుంది. ఇంత చేసినా రంగు ప్రమిదలు ఒక్క రాత్రి ముచ్చటే. మరకకి భయపడే చోట కింద ఇంకో ప్రమిదో, అరిటాకు ముక్కో పెట్టండి. కార్తీకమంతా రోజూ వెలిగించేవాటికి రంగు దండగని నా అభిప్రాయం. పోయినేడు నూనె పీల్చినవాటి మీద ఏ రంగూ నిలవదు, వాటిని పెరట్లో పెట్టుకోండి.

మామిడి తోరణం మధ్యాహ్నానికే ముడుచుకుంటోంది

లేతాకులు కోశారు. ముదురాకులు కాడతో సహా కోసి, గంటసేపు నీళ్లలో ఉంచి, ఆకుని పురికొస మీద మడిచి కాడతోనే గుచ్చితే రెండు రోజులకి ఢోకా లేదు. బంతిపూల దండ నల్లబడితే తడిపూలని ప్లాస్టిక్ కవర్లో కట్టేశారని అర్థం. వెదురు బుట్టలో వేసి పైన తడిగుడ్డ కప్పండి.

సీరియల్ లైట్లలో ఒక ముక్క వెలగడం లేదు

ఆ ముక్కలోని బల్బులన్నీ ఒకే వరుసలో కలిసి ఉంటాయి, ఒకటి వదులైనా అన్నీ ఆరిపోతాయి. ప్లగ్గు పీకేసి ఒక్కోటి నొక్కి చూడండి. వైరు ఎలుక కొరికి ఉంటే టేపు చుట్టే ప్రయత్నం వద్దు, పారేయండి.

అన్నీ ఒకేసారి మీద పడి టెన్షన్

దీనికి కారణం పోయినేడు తేదీలతో ఈ ఏడు లెక్క వేసుకోవడం. 2025లో చవితి ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14న. మధ్యలో అధిక జ్యేష్ఠం వచ్చి పండగలన్నిటినీ వెనక్కి జరిపింది. అధికమాసం వచ్చిన ఏడు తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి కాబట్టి మన ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. పండగలు వెనక్కి జరిగితే దీపావళి పనులన్నీ వానల్లోకి జరిగినట్టే, అది గుర్తుంచుకోండి. సంక్రాంతికి ఈ బాధ లేదు, సూర్యుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి ఎప్పుడూ జనవరి మధ్యలోనే.

నేను చేసేది ఇది. పంచాంగం కొనగానే పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెడతాను. మట్టి పని మూడు వారాల ముందు, కాగితం పని పది రోజుల ముందు, పూలు, ఆకులు ముందురోజు సాయంత్రం. చవితి నుంచి నవరాత్రుల పాడ్యమికి 27 రోజుల దాకా, అక్కడి నుంచి దీపావళికి ఇంకో నాలుగు వారాలు ఉంటుంది. ప్రమిదల రంగు పని, ఆకాశదీపం చట్రం ఈ మొదటి 27 రోజుల్లోనే, వానలు పట్టకముందే ముగిస్తాను. దీపావళికి వారం ముందు గాంధీ రోడ్డులో జరీ కాగితం వెతుక్కునే జనంలో నేనుండను. ఉన్న ఏళ్లూ ఉన్నాయనుకోండి.

కొలువు బొమ్మలకి కాగితం అతుక్కుపోయింది

దసరా అయిన మర్నాడు అలసటలో అన్నిటినీ న్యూస్‌పేపర్లలో చుట్టి అటక మీద పడేస్తాం. వెంటనే వానలు. తేమకి బొమ్మ రంగు మెత్తబడి కాగితం అంటుకుంటుంది, సిరా దిగుతుంది. ముందు పాత నూలు పంచె ముక్కలో చుట్టి, దాని మీద కాగితం చుట్టాలి. పెట్టెలో ఎండు వేపాకు వేయండి. కలరా ఉండలు వేయాలనుకుంటే గుడ్డలో మూటకట్టి బొమ్మలకి తగలకుండా ఓ మూల పెట్టండి. మరపాచి బొమ్మలు చెక్కవి కాబట్టి వాటికి ఇంత భయం లేదు.

అతుక్కుపోయిన కాగితాన్ని లాగకండి. మట్టి బొమ్మల మీద చాలావరకు నీటి రంగులే. బొమ్మ అడుగున ఒక చోట తడిదూదితో అద్ది చూడండి, దూదికి రంగు అంటితే ఇక తడి పని మానేసి మెత్తటి పొడికుంచెతో ఊడినంత ఊడదీయండి. మిగిలింది మిగలనివ్వండి. కొలువులో పక్కపక్కన కూర్చోబెట్టే శెట్టి, శెట్టెమ్మ జంట బొమ్మల్లో మా శెట్టెమ్మ బుగ్గ మీద ఒక చీరల దుకాణం ప్రకటన తిరగేసిన అక్షరాలతో అలాగే ఉండిపోయింది. ఏటా ఆమెని శెట్టి వైపు కాస్త తిప్పి కూర్చోబెడతాం.