కారు మీద తెల్లపొడలు: క్లియర్ మాసిందా, లేచిపోయిందా?

ఎండలో నిలబడే కారుకు ముందు దెబ్బ తినేవి టాపు, బానెట్టు, డిక్కీ పైభాగం. మొదట మెరుపు తగ్గి రంగు మీద పాలపొర కమ్మినట్టు ఉంటుంది. తర్వాత తెల్లపొడలు తేలతాయి, చివరికి వాటి అంచులు రేకుల్లా లేస్తాయి. మూడూ ఒకే జబ్బులా కనిపిస్తాయి గానీ మందు ఒకటి కాదు. గోదావరి డెల్టాలో చాలామంది చేసే పొరపాటు తెల్లపొడను మాసిన మెరుపనుకుని రబ్బింగ్ కాంపౌండ్ (పైపొరను గోకే గరుకు పేస్టు) రుద్దడం. పొర లేచిపోయిన చోట రుద్దితే మచ్చ పెద్దదవుతుంది, రంగు కూడా పోతుంది.

కారు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ ఉంటాయి. కంపెనీ వేసే క్లియర్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలచన. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే మందు ఈ పొరలోనే ఉంటుంది. అందుకే మెరుపు కోసం ఏటా బఫింగ్ (మిషనుతో రుద్ది పాలిష్ పట్టడం) చేయించడం అంటే గొడుగు గుడ్డను ఏటా కాస్త గోకి పలచన చేయడమే.

ముందు ఈ మూడు పరీక్షలు చేయండి

కారు కడిగి నీడలో ఆరబెట్టి, మచ్చ మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు రంగు మామూలుగా కనిపించి, ఆరగానే మళ్లీ తెల్లబడితే ఇంకా ఏమీ తేల్చలేం. క్లియర్ పైభాగం గరుకెక్కినా, పొర పూర్తిగా పోయి రంగు బయటపడినా ఇలాగే ఉంటుంది. తడిపినా తెల్లగానే ఉంటే పొర కింద గాలి చేరింది, అంటే క్లియర్ రంగును వదిలేసింది.

రెండోది గోరు పరీక్ష. మచ్చ అంచు మీదుగా గోరు లాగండి. మెట్టులా తగిలితే పొర పోయినట్టే. ఏమీ తగలకుండా ఉపరితలం సుద్దలా గరుగ్గా ఉంటే పొర ఇంకా ఉంది.

మూడోది తెల్లగుడ్డ. చేతివేలంత చోట కాస్త పాలిష్ పెట్టి రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అక్కడ క్లియర్ లేదు. పాత కార్లలో కొన్ని సాదా రంగులకు అసలు క్లియర్ వేయరు, వాటికీ గుడ్డ రంగవుతుంది. అలాంటి కారుకు గోరు మెట్టు తగలదు, కాబట్టి రెండు పరీక్షలూ కలిపి చూడండి.

మెరుపు తగ్గింది, గోరుకు ఏమీ తగలడం లేదు

ఇది ఎండకు పైపొర మాసిపోవడం. క్లే బారుతో (మురికిని అంటించుకునే మెత్తని మట్టిముద్ద) మురికి లాగేసి, కాంపౌండు, తర్వాత ఫినిషింగ్ పాలిష్, ఆపైన వాక్సు వేయండి. బాగా గరుకెక్కితేనే 3000 నంబరు వాటర్ పేపరు, సబ్బునీళ్లతో, చెక్కముక్క చుట్టి, చేతిబరువు మాత్రమే వేసి పది పన్నెండు రుద్దులు. అంచుల మీద, రేకు మడత గీతల మీద పేపరు పెట్టకండి. అక్కడ పొర మరీ పలచగా ఉంటుంది.

గుండ్రని తెల్లమచ్చలు

ఇవి నీటి ఉప్పు మరకలు. సముద్రం వైపు పల్లెల్లో బోరునీరు ఉప్పగా ఉంటుంది. దానితో ఎండలో కారు కడిగితే చుక్క ఆరి ఉప్పు మిగులుతుంది. ఆర్వో ప్లాంటు వదిలేసే వృథా నీటితో కడగడం ఇంకా చెడ్డది, ఎందుకంటే వడపోతలో మిగిలిన లవణాలన్నీ చిక్కబడి అందులోనే ఉంటాయి. కాలవ నీరు వాడితే రాత్రంతా తేర్చి పైనీరు తీసుకోండి, లేకపోతే ఇసుక గీతలు పడతాయి. మరక పోవడానికి వినిగరు, మంచినీరు సమానంగా కలిపి, నీడలో, చల్లని రేకు మీద గుడ్డతో ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగేయండి. అప్పటికీ గుంట తగులుతుంటే కాంపౌండు.

కొంగల రెట్ట మచ్చ కూడా ఇలాంటిదే. వేడికి క్లియర్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, రెట్ట ఎండి పట్టేస్తుంది, రేకు చల్లబడి ముడుచుకునేటప్పుడు గుంట పడుతుంది. నిద్రగన్నేరు చెట్టు కింద నిలిపే కారుకు ఏ పూట రెట్టను ఆ పూటే తడిపి నాననిచ్చి తీయాలి. పొడిగా గీకకండి.

పొక్కు లేచి, గుచ్చితే గోధుమరంగు పొడి

ఇది క్లియర్ సమస్య కాదు, తుప్పు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి చిన్న గీతలోంచి మొదలై రంగు కింద పాకుతుంది. రేకు తెల్లగా వచ్చేదాకా తీసి, ఎపాక్సీ ప్రైమరు వేశాకే మిగతా పని. తుప్పు మీద క్లియర్ కొడితే కొద్ది నెలల్లో మళ్లీ పొక్కుతుంది.

మెట్టు తగులుతోంది, రేకులు లేస్తున్నాయి

ఈ పని ఇంట్లో చేయొచ్చు గానీ మచ్చ వరకే చేస్తే నిలవదు. చుట్టూ ఉన్న పాత పొర కూడా పట్టు వదిలేసే దశలోనే ఉంటుంది. బానెట్టు అయితే బానెట్టు మొత్తం చేయాలి. టాపు మాత్రం పక్క స్తంభాలతో కలిసి ఉంటుంది, కలిపే చోటు దొరకడం కష్టం. మొదటిసారి చేసేవాళ్లు టాపు జోలికి పోకపోవడమే మంచిది.

కావాల్సినవి: 320, 600, 800, 2000, 3000 నంబరు పేపర్లు, బూడిదరంగు స్కాచ్ బ్రైట్, వాక్స్-గ్రీజ్ రిమూవరు, మాస్కింగ్ టేపు, టాక్ క్లాత్ (దుమ్ము అంటించుకునే జిగురు గుడ్డ), హార్డెనరు (పొరను గట్టిపరిచే మందు) లోపలే ఉన్న టూకే, అంటే రెండుపాళ్ల, క్లియర్ స్ప్రే డబ్బాలు. చిన్న కారు బానెట్టుకు డబ్బాలు రెండు తీసుకోండి. ఒక్కటి మూడో కోటు మధ్యలో అయిపోతే అతుకు మిగులుతుంది. హార్డెనరు లేని మామూలు ఒకపాళ్ల క్లియర్ చవక, కానీ పెట్రోలు చుక్కకే మెత్తబడుతుంది, ఎండకు త్వరగా పోతుంది. ఇంత శ్రమ చేసి అది వాడకండి.

వరస ఇది. ముందు రిమూవరుతో తుడవండి, ఆ తర్వాతే పేపరు. లేకపోతే వాక్సునూ సిలికాన్‌నూ గీతల్లోకి మీరే తోస్తారు. లేచిన అంచును 320తో మొదలుపెట్టి, వేలికి మెట్టు తెలియనంత వరకు ఏటవాలుగా దించండి. తర్వాత 600, ఆపైన బానెట్టు అంతా 800, మూలల్లో స్కాచ్ బ్రైట్. మెరిసే చోటు ఎక్కడా మిగలకూడదు, మిగిలిన చోట కొత్త పొర అతకదు.

మెటాలిక్ రంగు అయితే ఒక జాగ్రత్త. పేపరు రంగు దాకా దిగితే అందులోని అల్యూమినియం పొలుసులు గీరుకుపోయి నల్లని మరకలా కనిపిస్తుంది. దాని మీద క్లియర్ కొడితే మరక ఇంకా స్పష్టమవుతుంది. పొర పోయిన చోట ఎలాగూ రంగు పాలిపోయి ఉంటుంది. కాబట్టి తలుపు స్తంభం మీదో ఇంజను గదిలోనో ఉండే పెయింటు కోడు చూపించి రంగు కలిపించుకుని, రెండు మూడు పలచని కోట్లు వేశాకే క్లియర్‌కు వెళ్లండి. రంగు మ్యాట్‌గా ఆరాలి, సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు. దాన్ని రుద్దకూడదు.

డబ్బా అడుగున మీట నొక్కి హార్డెనరు కలిపి రెండు నిమిషాలు బాగా కదపండి. అక్కడి నుంచి గడియారం మొదలైనట్టే. మామూలుగా 24 నుంచి 48 గంటల్లో లోపలే గట్టిపడుతుంది, కచ్చితమైన గడువు డబ్బా మీద ఉంటుంది. 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, ప్రతి వరస ముందు వరసను సగం కప్పేలా కొట్టండి. మొదటి కోటు పలచగా, పది నిమిషాలు ఆగి రెండోది తడిగా, మళ్లీ పదిహేను నిమిషాలకు మూడోది.

కంప్రెసరు, గన్ను ఉన్నవాళ్లు పీయూ (పాలీయురిథేన్) క్లియర్‌లో హార్డెనరు కలిపేటప్పుడు పాళ్లు డబ్బా మీద చూసుకోండి. కొన్నిటికి రెండుకు ఒకటి, కొన్నిటికి నాలుగుకు ఒకటి. థిన్నరు పీయూదే కావాలి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నరులో ఉండే ఆల్కహాలు హార్డెనరును తినేస్తుంది, పొర ఎన్నాళ్లైనా గట్టిపడదు. కంప్రెసరు లైనులో నీళ్లు పట్టే ఫిల్టరు తప్పనిసరి.

మాస్కు విషయంలో రాజీ వద్దు. హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి ఆస్తమా తెప్పించే గుణం ఉంది. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. ముక్కుకు కట్టిన తువాలు, ఎన్95 ఈ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జి, దాని ముందు దుమ్ము ఫిల్టరు ఉన్న మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని ఆరుబయటే కొట్టండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి. మూసిన గ్యారేజీలో గన్నుతో కొట్టడానికి ఈ మాస్కు కూడా చాలదు.

ఏ రోజు కొట్టాలి

డెల్టాలో సగం పని చెడేది ఇక్కడే. సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్య, మంచు పూర్తిగా ఇంకాక, ఉదయం పదకొండు నుంచి రెండు గంటల లోపు నీడలో కొట్టడం అన్నిటికంటే మేలు. ఫోనులో గాలి తేమ 80 శాతం దాటితే ఆ రోజు వదిలేయండి. రోహిణి కార్తెలో రేకు కాలుతుంటే పైపొర వెంటనే ఆరి, లోపలి థిన్నరు బుడగలై పైకి తన్నుకొస్తుంది. దాళ్వా కోతల్లో నుసి, మిల్లు పక్కనైతే ఊక బూడిద తడి క్లియర్ మీద వాలతాయి. పొద్దుగుంకాక లైటు పెట్టి కొట్టకండి, చేల పురుగులన్నీ బానెట్టు మీదే ఉంటాయి. దుమ్ము అణగడానికి నేల తడిపితే గంట ముందే తడిపి, నిలిచిన నీళ్లు ఊడ్చేయండి.

కొట్టాక వచ్చే తేడాలు

పాలలా తెల్లబడితే తేమ పట్టింది. హార్డెనరు తేమతో కలిసి విడుదల చేసే గాలి సన్నని బుడగలుగా ఇరుక్కుంటుంది. మీద ఇంకో కోటు వేయకండి. పూర్తిగా గట్టిపడనిచ్చి, 2000తో రుద్ది చూడండి. పైపైన ఉంటే పోతుంది, లోపలుంటే తీసి మళ్లీ కొట్టాల్సిందే.

చేపకన్నులా గుంటలు పడితే సిలికాన్ మిగిలింది. డ్యాష్‌బోర్డు పాలిష్ స్ప్రే దగ్గర్లో వాడినా చాలు. ముడతలు పడితే పాత అంచు సరిగ్గా దిగలేదు, థిన్నరు దాని కిందికి దూరింది. ఆరాక అంచు దాకా తిరిగి తీయండి. కారినట్టు చార దిగితే తడిగా ఉండగా ముట్టుకోకండి. రెండు రోజులాగి, చెక్కముక్కకు 2000 పేపరు చుట్టి చార వరకే దించి, 3000, కాంపౌండు వేయండి. నారింజ తొక్కలా గరుకు వచ్చినా ఇదే పద్ధతి.

వారం దాకా షాంపూ వద్దు, నెల దాకా వాక్సు వద్దు. లోపలి థిన్నరు పూర్తిగా బయటికి పోవాలి. ఆ నెలంతా కారు మీద గుడ్డ కవరు కప్పకండి. రాత్రి మంచుకు తడిసిన కవరు మెత్తని పొరకు అంటుకుని, నేత అచ్చు దింపేస్తుంది.