దూసరి తీగ ఆకు రసాన్ని జున్నులా గడ్డకట్టించడం ఎలా?

పొలం కంచెల మీద, తుమ్మ చెట్ల మీద అల్లుకునే దూసరి తీగతో పల్లెల్లో బుట్టలు అల్లేవారు, మోపులు కట్టేవారు. దాని ఆకు రసం పొయ్యి ఎక్కకుండానే జున్నులా గడ్డకడుతుంది. ఎండాకాలంలో పటికబెల్లంతో తింటే అంతకు మించిన చలువ లేదు. గడ్డకట్టలేదని ఆకును తిట్టేవారిని చాలామందిని చూశాను. తప్పు ఆకుది కాదు, చేతిది.

ముందు తీగను సరిగ్గా గుర్తుపట్టండి. లేత ఆకుకు రెండు వైపులా మెత్తటి నూగు ఉంటుంది. ఆడ తీగకు మిరియం గింజంత ముదురు ఊదా పండ్లు కాస్తాయి. నలిపితే వేళ్లకు సిరా రంగు అంటుతుంది, లోపలి గింజ గుర్రపు నాడాలా వంగి ఉంటుంది. మగ తీగకు పండ్లు రావు. పండ్లను మాత్రం నోట పెట్టవద్దు. తిప్పతీగ, విషపు కాయల కాకమారి కూడా ఈ కుటుంబానివే. తీగ ఏదో కచ్చితంగా తెలియకపోతే ఆకు కోయకండి.

రెండు గుప్పెళ్ల ఆకు, రెండు గ్లాసుల చల్లటి నీళ్లు, ఒక గిన్నె, పలుచటి నూలు గుడ్డ చాలు. ఆకు కడిగి కాడలు తీసేయండి.

ఇక అసలు పని. ఆకును నీళ్లలో వేసి చేత్తోనే పిసకాలి. మిక్సీలో వేయవద్దు. వేస్తే నురగ వస్తుంది, ఆకు పొడిపొడిగా నలిగి గుడ్డలోంచి జారుతుంది, గడ్డ గరగరలాడుతుంది. పిసికేకొద్దీ నీళ్లు చిక్కబడి వేళ్ల మధ్య జిగురుగా సాగుతాయి. అది తెలిసిన క్షణంలోనే వడకట్టాలి. ఇంకొంచెం పిసుకుదామని ఆగితే రసం ఆకుతో పాటే గడ్డకట్టి గుడ్డ దిగదు. అందుకే గుడ్డను ముందే రెండో గిన్నెకు కట్టి ఉంచుతాను.

వడకట్టాక గిన్నెను కదపవద్దు. పటికబెల్లం కలపవద్దు, గరిటె పెట్టి చూడవద్దు. ఆకులోని పెక్టిన్ లాంటి జిగురు నీటిని పట్టుకొని గట్టిపడుతున్న సమయమది. అప్పుడు కలిపితే ఆ పట్టు విడిపోతుంది, మళ్లీ సరిగా కుదరదు. పావుగంట తర్వాత గిన్నెను కొంచెం వంచండి. రసం పారకుండా ఒక్క ముద్దగా వణికితే అయినట్లే.

చాకుతో ముక్కలు కోసి, పైన పటికబెల్లం పొడి చల్లండి. పంచదార నాకు నచ్చదు, ఆకు వాసనను చంపేస్తుంది. నిలవ ఉంటే నీరు ఊరుతుంది కాబట్టి అప్పటికప్పుడే తినేయాలి. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు వైద్యుడిని అడిగాకే తినాలి.