తొలకరికి ముందే దొమ్మ టీకా... చచ్చిన జీవానికి కత్తి పెట్టొద్దు

తొలకరి పడి కొత్త గడ్డి మొలిచేలోపే మందకు దొమ్మ రోగం టీకా వేయించండి. ఆంత్రాక్స్ అన్నా ఇదే. దీని సూక్ష్మజీవి మట్టిలో సిద్ధబీజంగా (గట్టి పెంకులో నిద్రపోయే రూపంలో) దశాబ్దాలు బతుకుతుంది. వానలకు పైకి తేలి, నేలబారున గడ్డి కొరికే గొర్రె నోట్లోకి పోతుంది. ఒకసారి వచ్చిన ఊళ్లో టీకా ఏటా తప్పదు. అందులో ఉండేవి బతికున్న సిద్ధబీజాలే (జబ్బు తేలేని రకం), కాబట్టి టీకా వేసే రోజుల్లో పెన్సిలిన్ లాంటి సూది పడితే టీకా దండగే. మందకు ఈ మధ్య ఏ మందులు వాడారో పశువుల డాక్టరుకు మీరే చెప్పాలి.

ఈ సూక్ష్మజీవి వదిలే విషం ఒంటి కాపలా కణాల నోరు నొక్కేస్తుంది. అందులో మూడు ప్రొటీన్లుంటాయి. ఒకటి కణం పొరలో దారి చేస్తుంది. ఆ దారిన దూరే లీథల్ ఫ్యాక్టర్, ‘మెక్’ అనే ప్రొటీన్లను కత్తిరిస్తుందని 1998లో తేలింది. శత్రువు చొరబడ్డాడన్న కబురును జన్యువుల దాకా మోసేది ఆ ప్రొటీన్లే. కబురు అందకపోతే, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రొటీన్ల మీద, జన్యువును తెరిపించే ఫాస్ఫేట్ గుర్తు పడదు. తెల్లకణాలను పిలిచే ఐఎల్-8 జన్యువు చెక్కుచెదరకుండానే మూగబోతుంది. మూడోదైన ఎడీమా ఫ్యాక్టర్ వాపు తెస్తుంది. ఎదురు లేక సూక్ష్మజీవి రక్తమంతా నిండుతుంది. సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడుంటుంది.

ముక్కు, నోరు, గుదం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం, ఉబ్బిన పొట్ట, బిగుసుకోని కాళ్లు కనిపిస్తే దాన్ని కోయొద్దు. గాలి తగిలితేనే కొత్త సిద్ధబీజాలు పుడతాయి. కోయని కళేబరంలో సూక్ష్మజీవులు చాలామటుకు కుళ్లులోనే చస్తాయి. నాకు అన్నిటికన్నా భయం చచ్చినదాని మాంసం పోగులు వేసి పంచుకోవడమంటేనే. విశాఖ మన్యంలో మనుషులకు సోకిన కేసుల్లో చచ్చిన జీవాన్ని కోయడం, తినడం మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ‘ఉడికిస్తే పోతుందిలే’ అనుకోవద్దు. మామూలు ఉడుకుకు సిద్ధబీజాలు చావవు. పైగా కోసేటప్పుడే చేతి మీది గీతల్లోంచి ఎక్కుతుంది.

అలా ముట్టుకున్నవాళ్లు కొన్నాళ్లపాటు చేతులు, మెడ చూసుకుంటూ ఉండాలి. ముందు దురద పొక్కు, తర్వాత నీటిబుడగ, ఆపై నడిమధ్య నల్లటి పక్కు, చుట్టూ వాపు వస్తాయి. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని పసరు పూసి ఊరుకోకండి. ఆసుపత్రికెళ్లి మొట్టమొదటి మాటగా ‘చచ్చిన గొర్రెను ముట్టుకున్నాను’ అని చెప్పండి. తొలి రోజుల్లో యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. ఆలస్యమైతే మందు సూక్ష్మజీవిని చంపినా, అప్పటికే కణాల్లోకి చేరిన విషాన్ని ఏమీ చేయలేదు.

కళేబరాన్ని పశువైద్య సిబ్బంది వచ్చేదాకా కుక్కలు, కాకులు ముట్టకుండా కాయండి. కాల్చడమో లోతుగా పూడ్చడమో వాళ్ల ఎదుటే జరగాలి. మిగతా మందను ఆ బీడు నుంచి వెంటనే తోలేయండి.