కేబుల్ కన్నం మూసే ముందు లైసెన్స్ చూడండి

బల్లార్షాలో మా బాబాయి లాడ్జి పనులు నేనే చూసుకుంటాను. మంటలు పాకకుండా చేసే ఫైర్ పని ఎవరికైనా ఇచ్చే ముందు మహారాష్ట్ర ఫైర్ సర్వీసెస్ ఇచ్చిన లైసెన్స్ అడగండి. ఇక్కడ అగ్నిప్రమాదాల నివారణకు 2006 నాటి చట్టం అమల్లో ఉంది. లైసెన్స్ మీద గడువు తేదీ, ఏయే పనులకు ఇచ్చారో మీరే చదవండి. మంచిర్యాల నుంచి మనవాళ్లు వచ్చినా సరే, మొహమాటపడకండి.

కేబుళ్లు, పైపులు గోడల్లోంచి, శ్లాబుల్లోంచి వెళ్లే కన్నాలు మూసేటప్పుడు మాత్రం పక్కనే నిలబడాలి. మాకు ఒకతను కేబుల్ షాఫ్ట్ (అంతస్తుల మధ్య కేబుళ్లు వెళ్లే నిలువు దారి) చుట్టూ పసుపు ఫోమ్ కొట్టి వెళ్లాడు. చిన్న ముక్క కోసి ఇటుక మీద పెట్టి అగ్గిపుల్ల చూపించాను. నల్లటి పొగ కక్కుతూ భగ్గుమంది. పైగదుల్లో పిల్లలతో పడుకునేవాళ్లు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు. అంతా పీకించి, రాక్‌వూల్ (మంట అంటుకోని రాతి నార) గట్టిగా కూరించి, పైన వేడికి ఉబ్బే సీలెంట్ పూయించాను. పీవీసీ పైపు మంటకు కరిగిపోతుంది కాబట్టి దానికి ఫైర్ కాలర్ (వేడికి ఉబ్బి కన్నాన్ని మూసేసే పట్టీ) వేయాలి.

సీలెంట్ డబ్బాతోపాటు టెస్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఎన్ని నిమిషాలు మంటను ఆపుతుందో అందులో ఉంటుంది. జాతీయ భవన నియమావళి 2016 సర్వీస్ షాఫ్టులకు 120 నిమిషాలు అడుగుతుంది. ఫాల్స్ సీలింగ్ మూయకముందే ప్రతి కన్నానికీ ఫొటో తీయండి.

పని పూర్తయ్యాక ఆ లైసెన్స్ ఉన్న ఏజెన్సీ నుంచి ఫారం-ఎ (పని నిబంధనల ప్రకారం జరిగిందనే సర్టిఫికెట్) తీసుకోండి. తర్వాత ఏటా జనవరి, జూలైలలో ఫారం-బి (ఏర్పాట్లు బాగా పనిచేస్తున్నాయని ఏజెన్సీ ఇచ్చే సర్టిఫికెట్) ఫైర్ ఆఫీసుకు ఇవ్వాలి.