పదవీ విరమణ తర్వాత నా ఉదయాలను తిరిగి దక్కించుకున్న విధం

ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసును 2022లో 60 నుంచి 62 ఏళ్లకు పెంచడంతో, గణిత ఉపాధ్యాయుడిగా నాకు మరో రెండేళ్లు బడిలోనే గడిచాయి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు ఏ పనీ చేయకపోయినా సాయంత్రానికి ఒళ్లు అలసిపోయేది. రక్తపరీక్షల్లో లోపమేమీ కనబడలేదు.

కారణం తెలుసుకోవడానికి రెండు వారాలపాటు గంట గంటకూ ఏం చేశానో, అప్పుడు ఓపిక ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉదయం 5 నుంచి 8 వరకు నా మనసు ఎంతో చురుగ్గా ఉంటుందని, ఆ మూడు గంటలనే ఫోనుకూ టీవీ వార్తలకూ ధారపోస్తున్నానని, మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవడం వల్ల రాత్రి నిద్ర చెడుతోందని ఆ పుటలే చూపించాయి. కునుకును అరగంటకు తగ్గించి, ఫోనును 8 దాకా బీరువాలో ఉంచాను. "ఖాళీగానే ఉన్నారు కదా" అంటూ బంధువులు అప్పగించే బ్యాంకు పనులను బుధవారానికే పరిమితం చేయడం మాత్రం అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే అయినవాళ్లను కాదనడం నాకు అలవాటు లేదు.

ఇప్పుడు ఆ ఉదయాల్లో, పదో తరగతి గణితంలో 35 మార్కులు రాక సప్లిమెంటరీకి సిద్ధమవుతున్న మా వీధి పిల్లలు నలుగురికి అరుగు మీద పాఠం చెబుతున్నాను. భిన్నాలు రాకపోవడమే వాళ్ల అసలు ఇబ్బంది గనుక ఆరో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాము.