షుగర్ ఉంటే కండకు పని చెప్పండి
మా నాన్న బుడ్డల చేను కౌలుకిచ్చి అనంతపురంలో మా ఇంటికి వచ్చాక తిండేమీ మారలేదు, అదే సంగటి, అదే ఊరిబిండి, ముద్ద ఇంకా కాస్త చిన్నదే అయింది. అయినా షుగర్ పెరిగింది. మారిందల్లా, పొద్దున టీవీ ముందు కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు.

ఇన్సులిన్ పనిచేసేటప్పుడు రక్తంలోని గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కునేది కండలే. టైప్ 2 షుగర్‌లో అవి ఇన్సులిన్ మాట సరిగా వినవు. కదలకుండా ఉంటే మరీ మొండికేస్తాయి: కండలో దాచుకున్న గ్లూకోజ్ నిల్వ, అంటే గ్లైకోజెన్, ఖర్చు కాదు కాబట్టి కొత్త గ్లూకోజ్‌కు చోటుండదు, కొవ్వు కండలోనే పేరుకుంటుంది, దాన్ని కరిగించి శక్తిగా మార్చే మైటోకాండ్రియా అనే కణభాగాల సత్తా తగ్గుతుంది. కానీ కండ పనిచేస్తే చాలు, గ్లూకోజ్‌ను లోపలికి చేర్చే గ్లట్-4 అనే ప్రోటీన్లు ఇన్సులిన్ పిలవకపోయినా కణం అంచుకు వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లలోనూ ఈ దారి మూసుకుపోదు. నాకు ధైర్యమిచ్చింది ఇదే.

అందుకే మొదట చేయాల్సింది అరగంటకోసారి లేవడం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చుని, మళ్లీ లేవండి, పదిసార్లు. నాన్న మొదటి రోజు మోకాళ్ల మీద చేతులు పెట్టి మూడుసార్లు లేచేసరికే తొడలు వణికాయి. చేనులో మూటలు మోసిన మనిషి అలా ఆగిపోతే నాకు కడుపులో దేవినట్టయింది. మూడైతే మూడే, రేపు నాలుగు.

తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడవండి. ఎండాకాలం మా ఊళ్లో పగలు బయట తిరగడం కుదరదు, ఇంట్లోనే వరండా చివరి నుంచి వంటింటి దాకా తిరిగినా సరే. మిద్దె మీదికెళ్తే మాత్రం చెప్పులేసుకోండి, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం. వరుసగా రెండు రోజులకు మించి మానకండి, ఎందుకంటే ఒకసారి వ్యాయామం చేస్తే కండకు వచ్చే చురుకు ఒకటి రెండు రోజులే ఉంటుంది, ఆదివారం ఒక్కరోజే గంటలకొద్దీ నడిస్తే సరిపోదు.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు, జేబులో చక్కెర పెట్టుకోండి. వణుకు, చెమట వస్తే ఆగి పరీక్షించండి, షుగర్ 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. గుండె జబ్బో కంటి రెటీనా సమస్యో ఉంటే డాక్టర్‌ను అడిగాకే బరువులు పట్టుకోండి.

మీ ఒంటికి ఎంత తేడా వస్తోందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకరోజు తిని కూర్చోండి, ఇంకోరోజు అంతే తిని నడవండి, రెండు రోజులూ తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోండి. నాన్న క్యాలెండర్ మీద తేదీ పక్కనే రాసుకుంటాడు, నడిచిన రోజుకు చుట్టూ ఒక సున్నా.